రోజూ మధ్యాహ్నం ఇంటికొచ్చిన ఆవిడ

స్వర్ణోత్సవ సంచికకు, మీకు స్ఫూర్తినిచ్చిన ఒకరి జీవితం గురించి రాయండని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. ఇంజనీరును కాబట్టి నేను ఏ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి గురించో, కె.ఎల్. రావు గారి గురించో రాస్తానని వాళ్లు అనుకుని ఉంటారు. ఆ మహానుభావుల గురించి రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది ఒక సీరియల్ నటి గురించి. అమెరికా ఆవిడ. పేరు చరీటా బావర్. పేరు వినగానే మనకు చరిత అనే మాట గుర్తొస్తుంది గానీ, దానికీ దీనికీ సంబంధం లేదు. ఆవిడ పోయి నలభై ఏళ్లు దాటింది. ఆవిడ ఎందుకని అడుగుతారు కాబట్టి, ముందు నా సంగతి చెప్పి తరువాత ఆవిడ దగ్గరకు వస్తాను.

మన బడి నుంచి వెళ్లాక నేను ఎలక్ట్రికల్ చదివి, ఎక్కువ కాలం సబ్‌స్టేషన్ల నిర్వహణలో పని చేశాను. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఏం జరుగుతోందో బయట నుంచి చూస్తే తెలియదు. రోజూ ఉన్నట్టే సన్నగా గుంయ్‌మంటూ ఉంటుంది. అందుకని ఏటా దాని అడుగున ఉన్న వాల్వు తిప్పి, కాస్త ఆయిల్ సీసాలో పట్టి ల్యాబుకు పంపుతాం. ఆయిల్లో కరిగిన వాయువులు చూస్తారు. ఎసిటిలీన్ జాడ కనిపించిందంటే లోపల ఎక్కడో నిప్పురవ్వ లేస్తోందని అర్థం. అప్పుడే ఆపి విప్పి చూసుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ దక్కుతుంది. లేకపోతే ఒకరోజు పెద్ద చప్పుడుతో పోతుంది. శాంపిల్ పంపడం ఆలస్యం చేశారని నేను కింది ఉద్యోగుల మీద ఎన్నిసార్లు కేకలేశానో లెక్క లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మకు, నెలసరి ఆగిపోయిన అయిదారేళ్ల తరువాత, మళ్లీ రక్తం కనపడింది. అమ్మ ఎవరికీ చెప్పలేదు. నాన్నకు చెప్పలేదు, నాకు అసలే చెప్పలేదు. ఏడాది పాటు వండింది, వడ్డించింది, వరలక్ష్మీ వ్రతాలకు వెళ్లి వాయనాలు తెచ్చుకుంది. చివరికి మా చెల్లెలు పురిటికి వచ్చినప్పుడు, పెరట్లో ఉతికిన బట్టలు చూసి నిలదీస్తే బయటపడింది. గర్భాశయ ముఖద్వారం దగ్గర క్యాన్సర్. అప్పటికే ముదిరిపోయింది. ఆ తరువాత అమ్మ పద్నాలుగు నెలలు బతికింది. డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, కొన్నేళ్ల ముందే చిన్న పరీక్ష చేయించి ఉంటే బాగుండేదన్నారు. అదెలా చేస్తారని అడిగాను. కాస్త శాంపిల్ తీసి, ల్యాబుకు పంపి, సూక్ష్మదర్శినిలో చూస్తారని చెప్పారు. నాకు నోట మాట రాలేదు.

చాలా ఏళ్ల తరువాత న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లాం. ఒకరోజు పొద్దున అది ఆఫీసుకు గంట ఆలస్యంగా వెళ్తానని, డాక్టరు దగ్గర అదే పరీక్ష ఉందని కాఫీ తాగుతూ చెప్పింది. పన్ను చూపించుకోవడానికి వెళ్తున్నంత మామూలుగా చెప్పింది. నేను కప్పు కింద పెట్టేశాను. ఈ దేశంలో ఆడవాళ్లకు ఈ మాట ఇంత సులువుగా నోట రావడం ఎప్పటి నుంచి మొదలైందా అని ఆ మధ్యాహ్నం చదవడం మొదలుపెట్టాను. అలా చదువుతుంటే తగిలిన పేరు చరీటా బావర్.

చరీటా 1922 డిసెంబరు 20న న్యూజెర్సీలోని నూవార్క్ నగరంలో పుట్టింది. మనవాళ్లు పిల్లల దగ్గరకు వెళ్లేటప్పుడు దిగే విమానాశ్రయం ఉన్న ఊరే. నది దాటితే న్యూయార్క్. అక్కడి బ్రాడ్‌వే నాటకశాలల్లో చిన్న వయసులోనే బాలనటిగా అడుగుపెట్టింది. 1936 డిసెంబరులో, పద్నాలుగో పుట్టినరోజు అయిన వారానికే, క్లేర్ బూత్ రాసిన ‘ది విమెన్’ నాటకం మొదలైంది. రంగస్థలం మీద ఒక్క మగవాడు కూడా కనపడని నాటకమది. అందులో కథానాయిక కూతురుగా చరీటా వేసింది. నాటకం ఆరువందలకు పైగా ప్రదర్శనలు నడిచింది. సురభి వాళ్ల నాటకాలు చూసి పెరిగినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఇవాళ ఒంట్లో బాగుందా లేదా అని చూడకుండా, గంట కొట్టేసరికి రంగు వేసుకుని తెర వెనుక నిలబడాలి. చరీటాకు ఆ అలవాటు పదమూడు, పద్నాలుగేళ్ల వయసులోనే అబ్బింది.

తరువాత రేడియో. ‘ది ఆల్డ్రిచ్ ఫ్యామిలీ’ అనే హాస్య ధారావాహికలో కథానాయకుడి అక్క మేరీగా ఆమె గొంతు ఇంటింటికీ తెలిసింది. అదే కథ టీవీకి వచ్చినప్పుడు తెర మీద కూడా ఆ పాత్ర వేసింది. అయినా ఆమెను జనం గుర్తు పెట్టుకున్నది ఈ రెండింటితోనూ కాదు. 1950లో ‘ది గైడింగ్ లైట్’ అనే రేడియో సీరియల్లో ఒక కోడలి పాత్రకు తీసుకున్నారు. ఆ పాత్రలో ఆమె ముప్పై నాలుగేళ్లకు పైగా ఉండిపోయింది.

ఆ సీరియల్ గురించి రెండు మాటలు చెప్పాలి. దాన్ని మొదలుపెట్టిన ఆవిడ ఇర్నా ఫిలిప్స్. మన గురువులకు ఇష్టమైన సంగతి ఒకటి ఉంది: ఆమె రేడియోకు రాకముందు పాఠాలు చెప్పిన టీచరు. రోజూ కొంచెం కొంచెంగా, ఏళ్ల తరబడి సాగే ఇంటి కథలను రేడియోలో రాయవచ్చని చూపిన తొలితరం రచయిత్రి. ‘గైడింగ్ లైట్’ 1937 జనవరిలో మొదలైంది. కథలోని ఒక మతగురువు, కష్టంలో ఉన్నవాళ్లు ఎవరైనా తలుపు తట్టవచ్చని తెలియడానికి తన కిటికీలో దీపం పెట్టి ఉంచేవాడు. పేరు అక్కడి నుంచి వచ్చింది. మధ్యాహ్నం పూట ఇంటి పని చేసుకునే ఆడవాళ్లే శ్రోతలు కాబట్టి సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టేవి. అందుకే వీటికి సోప్ ఒపేరాలని పేరు పడింది. దీని వెనక ఉన్నది ప్రాక్టర్ అండ్ గాంబుల్. మన ఇళ్లలో ఏరియల్, టైడ్ పొడులు అమ్ముతున్నది ఆ కంపెనీయే.

కథలో జర్మనీ నుంచి వలస వచ్చిన ఒక కష్టజీవి కుటుంబం ఉంది. విచిత్రమేమిటంటే ఆ కుటుంబం ఇంటిపేరు కూడా బావరే. చరీటా రాకముందే పెట్టిన పేరది. ఆ ఇంటి కోడలు బెర్తా, అందరూ పిలిచేది బెర్ట్. మొదట్లో బెర్ట్ మంచిది కాదు. ఇంకా పెద్ద ఇల్లు కావాలి, ఇంకా మంచి సామాను కావాలి, పక్కవాళ్లకంటే ఒక మెట్టు పైన ఉండాలి. మొగుణ్ణి సాధించేది, మామగారి మాట కొట్టిపారేసేది. మన సూర్యకాంతం గారు వేసిన గయ్యాళి పాత్రలకు దూరపు చుట్టమనుకోండి. అయితే సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది, గయ్యాళికి చివరి రీలులో బుద్ధి వస్తుంది. సీరియల్లో అలా కుదరదు. బెర్ట్ మారడానికి ఏళ్లు పట్టింది. భర్త బిల్ తాగుడికి అలవాటు పడ్డాడు. పిల్లలు మైక్, ఎడ్ పెరిగారు, ఒకడు లాయరు, ఒకడు డాక్టరు అయ్యారు. బిల్ విమాన ప్రమాదంలో పోయాడనుకున్నారు. ఏళ్ల తరువాత బతికే ఉన్నాడని, ఇంకెక్కడో మరో సంసారం ఉందని తెలిసింది. సీరియల్ అన్నాక ఇలాంటివి తప్పవు, మనకూ తెలుసు. ఈ దెబ్బలన్నీ తింటూ బెర్ట్ మెత్తబడింది. చివరికి ఊళ్లో ఎవరికి కష్టమొచ్చినా ఆవిడ వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతూ చెప్పుకునేవారు. చరీటా ఇరవైల్లో మొదలుపెట్టిన పాత్ర, ఆమెతో పాటే వయసు పెంచుకుంటూ బామ్మ అయింది.

1952 జూన్ 30న సీరియల్ టీవీకి వచ్చింది. రేడియో మాత్రం ఆపలేదు. 1956 దాకా నాలుగేళ్ల పాటు ఒకే రోజు, ఒకే కథ, రేడియోలో ఒకసారి, టీవీలో ఒకసారి. నటులు పొద్దున్నే న్యూయార్క్‌లో టీవీ స్టూడియోకు చేరి, రిహార్సల్ చేసి, పదిహేను నిమిషాల భాగాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేసేవారు. రేడియోకు అదే భాగం మైకు ముందు మళ్లీ చదివేవారు. రేడియోలో కాగితం చేతిలో ఉంటుంది. టీవీలో మాటలన్నీ నోటికి రావాలి. తప్పు పోతే దిద్దుకోవడానికి వీల్లేదు, అప్పటికే దేశమంతా చూసేసి ఉంటుంది. సాయంత్రం ఇంటికి వెళ్లి మర్నాటి మాటలు బట్టీ పెట్టాలి. వారానికి అయిదు రోజుల సీరియల్. సరఫరా సరిగ్గా ఉన్నంత కాలం సబ్‌స్టేషన్‌లో మనిషి ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. ఆ ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి ఈ భాగం చదివేటప్పుడు నాకు ఆమె మీద ప్రత్యేకమైన అభిమానం కలిగింది.

ఇన్నేళ్ల పాటు ఇన్ని ఇళ్లకు వెళ్తే ఏమవుతుంది? ఆమె చుట్టమైపోతుంది. ఇంట్లో ఒంటరిగా ఇస్త్రీ చేసుకుంటున్న ఇల్లాలికి బెర్ట్ పక్కింటావిడ లాంటిది. మా అమ్మకు దూరదర్శన్‌లో ‘ఋతురాగాలు’ సీరియల్ మనుషులు అలాగే ఉండేవారు. వాళ్ల కష్టాలు మాతో చెబుతుంటే, ఎవరో బంధువుల సంగతనుకుని నాన్న కంగారుపడేవారు. ఆ చుట్టరికాన్ని ఏ పనికి వాడుకోవచ్చో 1962లో తేలింది.

అప్పుడు ‘గైడింగ్ లైట్’ ప్రధాన రచయిత్రి ఆగ్నెస్ నిక్సన్. ఇర్నా ఫిలిప్స్ దగ్గర పని నేర్చుకున్న ఆవిడ. నిక్సన్ ఆప్తమిత్రురాలు ఒకరు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ మరణం ఆవిణ్ణి నిలవనివ్వలేదు. పరీక్ష అప్పటికే ఉంది. గ్రీసు నుంచి వచ్చి న్యూయార్క్‌లో స్థిరపడిన డాక్టర్ జార్జ్ పాపనికొలావ్ దాన్ని రూపొందించి, 1940ల మొదట్లోనే లోకానికి తెలియజేశాడు. ముఖద్వారం దగ్గర కణాలను కాస్త గీకి తీసి, గాజు పలక మీద పూసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. కణాలు మామూలు రూపం నుంచి క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో కనిపెడితే చిన్న చికిత్సతో పోతుంది. ఆయన పేరు మీదే పాప్ పరీక్ష అంటున్నాం. ఇంట్లో ఆయన భార్య మేరీయే ఏళ్ల తరబడి ఆయన పరిశోధనకు తన నమూనాలు ఇచ్చింది. ఆయన 1962 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. పరీక్ష వచ్చి ఇరవై ఏళ్లయినా, అది ఉందని తెలియని ఆడవాళ్లు, తెలిసినా సిగ్గుతోనో భయంతోనో వాయిదా వేసే ఆడవాళ్లు ఎందరో.

ఆ సంగతిని బెర్ట్ కథలో పెడతానని నిక్సన్ అడిగింది. సబ్బుల కంపెనీ, ప్రసారం చేసే సీబీఎస్ సంస్థ తటపటాయించి చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాయి. క్యాన్సర్ అనే మాట వినపడకూడదు. గర్భాశయం అనే మాట వినపడకూడదు. గర్భాశయాన్ని తీసేసే ఆపరేషన్ పేరు కూడా వినపడకూడదు. ఈ మూడు మాటలూ లేకుండా ఆ కథ చెప్పుకోవచ్చు!

ఇది చదివినప్పుడు నాకు మన బడే గుర్తొచ్చింది. పదో తరగతిలో పునరుత్పత్తి పాఠం రాగానే, అది ఇంట్లో చదువుకోండని మాకు పేజీలు తిప్పేశారు. తప్పు పట్టడం లేదు, ఆ కాలం అలాంటిది. అరవై మంది అబ్బాయిలూ అమ్మాయిలూ ఉన్న తరగతిలో ఆ బొమ్మ బల్ల మీద గీయడం ఎవరికైనా కష్టమే. మేము కూడా తల వంచుకుని ముసిముసిగా నవ్వుకున్నాం. మా ఇంట్లో కూడా ఆ మాటలు లేవు. మాట లేని చోట అమ్మ ఏ మాట పెట్టి చెప్పుకుంటుంది?

నిక్సన్ ఆ మూడు మాటలూ లేకుండానే రాసింది. కథలో బెర్ట్ పరీక్ష వాయిదా వేస్తూ వస్తుంది. ఏమీ లేదులే, తరువాత చూద్దాంలే అనుకునే మనిషి. చివరికి వెళ్తుంది. ఫలితంలో తేడా కనిపిస్తుంది. రోగం తొలి దశలోనే ఉంది కాబట్టి ఆపరేషన్ చేస్తే బతుకుతుందని, ఆలస్యం చేసి ఉంటే దక్కేది కాదని డాక్టరు ద్వారా తెలుస్తుంది. పేర్లు లేకపోయినా చూసే ఆడవాళ్లకు అంతా అర్థమైంది. పన్నెండేళ్లుగా తెలిసిన మనిషి, పనులు వాయిదా వేసే స్వభావం ఉన్న మనిషి, ఎదురుగా కూర్చుని భయపడుతోంది. ఆ భయాన్ని చరీటా రోజుకు పదిహేను నిమిషాల చొప్పున చూపించింది. ఆ తరువాత పరీక్షలకు వెళ్లే ఆడవాళ్లు పెరిగారు, కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరాలు వచ్చాయి. నిక్సన్ తరువాతి కాలంలో ఎన్నో పేరున్న సీరియళ్లు రాసింది. అయినా తన జీవితంలో ముఖ్యమైన పనుల్లో దీన్ని ఒకటిగా చెప్పుకునేది.

ఇందులో చరీటా గొప్పతనం ఏముంది, రాసింది ఇంకొకరు కదా అనవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. అయితే ఆలోచించండి. అదే సంగతిని ఒక డాక్టరు తెల్లకోటు వేసుకుని టీవీలో చెప్పి ఉంటే, మా అమ్మ లాంటివాళ్లు లేచి వంటింట్లోకి వెళ్లిపోయేవారు. బెర్ట్ మాట విన్నారంటే, అంతకుముందు పన్నెండేళ్లు ఆ మనిషి ప్రతిరోజూ వాళ్లింటికి వచ్చింది కాబట్టి. కోపాలూ, దురాశలూ, ఏడుపులూ అన్నీ చూశారు కాబట్టి. ఆ నమ్మకాన్ని రాతతో పుట్టించలేం. ఒక నటి రోజూ వచ్చి పని చేస్తే కూడుతుంది. బళ్లో పాతికేళ్లు పాఠం చెప్పిన మాస్టారి మాటకు ఊళ్లో ఉండే విలువ లాంటిది.

సీరియల్ పెరుగుతూ పోయింది. 1967లో రంగుల్లోకి వచ్చింది, 1968లో పదిహేను నిమిషాలు అరగంట అయింది, 1977లో గంట అయింది. ఆమె మామగారిగా మొదటి నుంచీ వేసిన థియో గెట్జ్ 1972 చివర్లో చనిపోయారు. ఇంటి పెద్దరికం బెర్ట్ మీద పడింది. కొత్త రచయితలు, కొత్త దర్శకులు, కుర్ర నటులు వచ్చారు, వెళ్లారు. తెరకు ఇప్పుడు అందమైన ప్రేమజంటలు కావాలి. నడివయసు దాటిన బెర్ట్‌కు కొన్ని రోజులు రెండు మాటలే దక్కేవి. ఆమె ఆ రెండు మాటలే చెప్పి వెళ్లేది.

అరవయ్యో పడి దాటాక ఆమెకు కాళ్లలో రక్తప్రసరణ దెబ్బతింది. ఒక కాలు తీసేయాల్సి వచ్చింది. నటికి, అందులోనూ తెర మీద నిలబడి నడవాల్సిన నటికి, అది ఉద్యోగం ముగిసినట్టే. గౌరవంగా తప్పుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. నిలువెత్తున చూపించకుండా కుర్చీలో కూర్చోబెట్టి, నడుము పైభాగమే చూపించి నడిపించినా ఎవరికీ తెలిసేది కాదు. ఆమె రెండూ చేయలేదు. 1984లో సీరియల్లోకి తిరిగి వచ్చినప్పుడు, బెర్ట్‌కు కూడా కాలు తీసేసినట్టు కథ రాశారు. బెర్ట్ కుంగిపోవడం, కృత్రిమ కాలు తొడుక్కోవడం, అడుగు వేయడం నేర్చుకోవడం, అన్నీ తెర మీద జరిగాయి. తెర మీద బెర్ట్ వేసిన ప్రతి అడుగూ తెర బయట చరీటా నేర్చుకుంటున్నదే.

మా బ్యాచ్ వాళ్లకు ఇక్కడ ‘మయూరి’ సినిమా గుర్తు రాకుండా ఉండదు. ఆమె ఇలా తిరిగి నడక నేర్చుకున్న ఆ 1980ల నడిమి కాలంలోనే, కాలు పోయిన సుధా చంద్రన్ గారు జైపూర్ పాదంతో నాట్యం చేయడం మనం తెలుగు సినిమాలో చూశాం. హాల్లో పక్కవాడు చూడకుండా కళ్లు తుడుచుకున్నాం. సుధా చంద్రన్ గారు అప్పటికి వయసులో ఉన్న నాట్యకారిణి, ముందు జీవితమంతా ఉంది. చరీటా అరవై దాటిన మనిషి. ఆమెకు గెలవాల్సిన వేదికలు లేవు. రోజూ తనను చూసేవాళ్లలో కాలు పోయినవాళ్లు, మధుమేహంతో పోబోతున్నవాళ్లు ఎందరో ఉంటారు. అంతకుముందు ఇరవై రెండేళ్ల క్రితం బెర్ట్ ఆడవాళ్లకు ఎలా తోడు వెళ్లిందో, ఇప్పుడు వాళ్లకు అలా తోడు వెళ్లింది. అప్పుడు రోగం నటన, ఈసారి నిజం. అంతే తేడా.

1985 ఫిబ్రవరి 28న ఆమె న్యూయార్క్‌లో కన్నుమూసింది. వయసు 62. పగటి సీరియళ్ల వారికి ఇచ్చే ఎమ్మీ పురస్కారాల్లో, జీవితకాల కృషికి ఇచ్చే గౌరవం ఆమెకు ఆ ఏడాదే, ఆమె పోయాక దక్కింది. సీరియల్ వాళ్లు ఆ పాత్రను ఇంకొకరికి ఇవ్వలేదు. మరుసటి ఏడాది కథలో బెర్ట్ చనిపోయినట్టు చెప్పి, వీడ్కోలు పలికారు. ‘గైడింగ్ లైట్’ ఆ తరువాత కూడా నడిచి, రేడియో టీవీ కలిపి డెబ్బై రెండేళ్లు పూర్తి చేసుకుని 2009 సెప్టెంబరు 18న ఆగిపోయింది. ఇప్పటి అమెరికా కుర్రవాళ్లకు చరీటా బావర్ ఎవరో తెలియదు. మా అమ్మాయికీ తెలియదు. కానీ ఆఫీసుకు గంట ఆలస్యమని మామూలుగా చెప్పేసి పరీక్షకు వెళ్లి వచ్చింది కదా, దాని వెనక ఎందరో డాక్టర్లూ, నర్సులూ, రచయితలూ ఉన్నట్టే ఈవిడ కూడా ఉంది.

ఆమె పోయిన నాటికి మా బ్యాచ్ పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు చదువుతోంది. అప్పటికి మా అమ్మకు నలభై కూడా నిండలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నాకు టీ కాచి ఇచ్చి, నిద్రపోకుండా పక్కన కూర్చునేది. అమ్మకు రోగం రావడానికి ఇంకా చాలా ఏళ్లుంది. పరీక్ష చేయించడానికి కూడా అన్నేళ్లుంది.

ఇప్పుడు ఫిబ్రవరి 28 మన బడుల్లో జాతీయ విజ్ఞాన దినోత్సవం. సర్ సి.వి. రామన్ గారి ఆవిష్కరణను గుర్తు చేసుకునే రోజు. ఆ రోజునే ఈవిడ పోవడం కేవలం కాకతాళీయం. అయినా దాన్ని వాడుకుని సంఘం వారికి ఒక మనవి చేస్తున్నాను. స్వర్ణోత్సవాల్లో భాగంగా వచ్చే విజ్ఞాన దినోత్సవం నాడు, మన బడి ఆవరణలోనే ఒక గది ఆడవాళ్ల పరీక్షలకు కేటాయిద్దాం. ముప్పై దాటిన ప్రతి స్త్రీ ఈ పరీక్ష చేయించుకోవాలని వైద్యులు చెబుతున్నారు. ఇప్పుడు పాప్ పరీక్ష ఒకటే కాదు, వైరస్‌ను కనిపెట్టే హెచ్‌పీవీ పరీక్ష ఉంది. ముఖద్వారం మీద పల్చటి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్ లాంటిదే, అద్ది కంటితో చూసే సులువైన పద్ధతి కూడా ఉంది. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు లక్షన్నర మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలతో ఈ పద్ధతిలో పరీక్షలు చేయించిన చోట ఈ రోగంతో పోయేవాళ్లు 31 శాతం తగ్గారు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు టీకా ఉంది. ఆ వయసు పిల్లలు ఇప్పుడు మన బడి తరగతుల్లోనే కూర్చుని ఉన్నారు.

మన సంఘంలో డాక్టర్లయిన అక్కచెల్లెళ్లు ఉన్నారు, వాళ్లు ఒక పూట ఇస్తే చాలు. ఆ గదికీ, పరీక్షలకూ అయ్యే ఖర్చులో నా వంతు మా అమ్మ పేరు మీద ఇస్తాను. గురువులకు ఒక్క విన్నపం. పునరుత్పత్తి పాఠం వచ్చినప్పుడు పేజీలు తిప్పకండి. పిల్లలు నవ్వుతారు, మేమూ నవ్వాం. నవ్వనివ్వండి. ఆ బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి, ఒక్కసారి బిగ్గరగా చదివించండి.

మా ఆవిడా, చెల్లెలూ పోయిన నెల పరీక్ష చేయించుకున్నారు. ఇద్దరికీ ఏమీ లేదని వచ్చింది. రిపోర్టు తీసుకోవడానికి ల్యాబుకు నేనే వెళ్లాను.